మూసల్లో మొలిచిన భాష

2013కి ముందు ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక పదంలో ఎన్ని అక్షరాలున్నాయో కంప్యూటర్ చేత లెక్కపెట్టించడం పెద్ద విద్య. ఆ పని చేసే ఫంక్షన్ అక్కడ లేదు. కావాలని రచయితలు ఏళ్ల తరబడి అడిగారు, సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్లు ససేమిరా అన్నారు. ఉన్నదల్లా ప్యాడ్‌లెఫ్ట్ అనే చిన్న సదుపాయం. 7 అని ఇచ్చి మూడు స్థానాలు కావాలంటే ఎడమ పక్కన సున్నాలు చేర్చి 007 అని చూపిస్తుంది. సున్నాలకు బదులు వేరే అక్షరాలతో నింపమని కూడా దానికి చెప్పొచ్చు. ఈ సందులోంచే దారి దొరికింది. అసలు అంకె ఇవ్వకుండా ఖాళీగా వదిలేసి, ఐదు స్థానాలను ఫలానా ఊరి పేరుతో నింపమంటే ఆ పేరులోని మొదటి ఐదు అక్షరాలు చేతికొస్తాయి. ఆరు స్థానాలు, ఏడు స్థానాలు అంటూ పెంచుకుంటూ పోతే ఎక్కడ అచ్చంగా ఆ పేరే వస్తుందో అదే దాని పొడవు.

ఈ కిటుకు మీద మూసలు, అంటే ఒకచోట రాసి అన్ని పేజీల్లోనూ పిలుచుకునే ముక్కలు, కట్టారు. ఆ మూసల మీద ఇంకొన్ని మూసలు లేచాయి. ఒక పదం పొడవు తెలుసుకోవడానికి సర్వర్ పదుల సార్లు పోల్చి చూసుకోవాల్సి వచ్చేది. నవ్వొచ్చే పనే, కానీ ఆ రచయితల పట్టుదలకు దండం పెట్టకుండా ఉండలేం.

ఇది వికీపీడియా ఒక్కదాని కథే కాదు. ఒక అప్లికేషన్ కొంచెం పెద్దదయ్యేసరికి దాన్ని వాడేవాళ్లు, 'మా అవసరానికి తగ్గట్టు దీన్ని మేమే మార్చుకుంటాం' అంటారు. అందుకు లోపల ఒక భాష ఉండాలి. అప్లికేషన్‌ను సీ లాంటి భాషలో రాసినా, వాడుకరి రాసే చిన్న చిన్న స్క్రిప్టులను దాని కడుపులోనే నడిపించే మరో భాష, అంటే పొదిగే భాష. దాన్ని తెలిసి ఎంచుకోకపోతే అది లేకుండా పోదు. సెట్టింగుల ఫైల్లోనో, కమాండ్లలోనో, మూసల్లోనో అడ్డదిడ్డంగా మొలుస్తుంది. ఓపెన్ సోర్స్ ప్రపంచం గత యాభై ఏళ్లలో ఈ సంగతిని ఒకటికి నాలుగుసార్లు కొత్తగా కనిపెట్టింది.

మొదటిసారి అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో. అక్కడ టెకో అనే ఎడిటర్ ఉండేది. అందులో ఒక్కో అక్షరం ఒక్కో ఆజ్ఞ. ఆ ఆజ్ఞలను గుదిగుచ్చి మాక్రోలు రాసేవాళ్లు. చూడ్డానికి అది కీబోర్డు మీద పిల్లి నడిచినట్టుండేది. 1976లో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ తదితరుల చేతుల్లో అలాంటి మాక్రోల కట్టగానే ఈమాక్స్ పుట్టింది. టెకోను ఎవరూ ప్రోగ్రామింగ్ భాషగా రూపొందించలేదు. అవసరం తోసుకొచ్చి అలా తయారైంది.

1978లో హనీవెల్ కంపెనీలో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ కంప్యూటర్ల కోసం మరో ఈమాక్స్ రాశారు. ఈసారి ఎడిటర్ మొత్తం లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే, దాన్ని మార్చుకునే భాష కూడా లిస్పే. అక్కడ జరిగిన ఒక ముచ్చటను స్టాల్‌మన్ తర్వాత ఒక ప్రసంగంలో చెప్పారు. ఆఫీసులోని సెక్రటరీలకు ఈమాక్స్‌ను ఎలా మార్చుకోవాలో చెప్పే పుస్తకం ఒకటి ఇచ్చారట. అందులో ఎక్కడా 'ప్రోగ్రామింగ్' అన్న మాట రాయలేదు. ప్రోగ్రామింగ్ తమ వల్ల కాదనుకునే ఆ సెక్రటరీలు భయపడకుండా చదివి, తమకు కావలసినవి రాసేసుకున్నారు. 1985లో విడుదలైన గ్నూ ఈమాక్స్‌లో స్టాల్‌మన్ లిస్ప్‌నే పెట్టడానికి ఈ అనుభవం బలమైన కారణం. పొదిగే భాష చిన్నాచితకా కమాండ్ల భాష కాకూడదు, సిసలైన ప్రోగ్రామింగ్ భాష అయి తీరాలని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకమే తర్వాత పెద్ద గొడవకు దారితీసింది.

గొడవకు అవతలి పక్కనున్నది జాన్ ఆస్టర్‌హౌట్. అప్పట్లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. 1980లలో ఆయన బృందం చిప్ డిజైన్ కోసం మ్యాజిక్ లాంటి పనిముట్లు తయారుచేసింది. ప్రతి పనిముట్టుకూ ఒక కమాండ్ భాష ఉండేది. ప్రతిదీ హడావుడిగా రాసిందే, ప్రతిదీ బలహీనమే, ఒకదానితో ఒకటి పొంతన లేదు. ఈ తలనొప్పికి 1987లో ఆయనకొక విరుగుడు తట్టింది. భాషను ఒక్కసారి శ్రద్ధగా రాసి విడి లైబ్రరీగా పెడితే, ఏ అప్లికేషన్ కావాలంటే అది తనలో కలుపుకుని, సొంత ఆజ్ఞలను దానికి జతచేసుకోవచ్చు. మరుసటి ఏడాది మొదలైన ఆ భాషే టీసీఎల్. ఇంజినీర్లు ముద్దుగా 'టికిల్' అంటారు. 1990లో యూజ్‌నిక్స్ సదస్సులో దాని మీద పత్రం సమర్పించాక అది దావానలంలా పాకింది. అందులో అంతా అక్షరాల వరసే. అంకె కూడా అక్షరాలే, లిస్టు కూడా అక్షరాలే. నేర్చుకోవడానికి పూట చాలు.

1994 సెప్టెంబరులో స్టాల్‌మన్ 'టీసీఎల్‌ను ఎందుకు వాడకూడదు' అంటూ ఇంటర్నెట్ చర్చావేదికల్లో బహిరంగ లేఖ వదిలారు. అది సీరియస్ ప్రోగ్రామింగ్ భాష కాదు, అందులో సరైన అర్రేలు లేవు, అంకెలున్నట్టు నటిస్తుందే తప్ప లేవు, ఈమాక్స్ నేర్పిన పాఠం ఇంకొకటి అని వాదన. ఆ ఏడాదే ఆస్టర్‌హౌట్ సన్ మైక్రోసిస్టమ్స్‌లో చేరారు. అంత పెద్ద కంపెనీ అండతో టీసీఎల్ అందరి నెత్తినా కూర్చుంటుందేమోనన్న కంగారు కూడా ఆ లేఖ వెనుక ఉంది. వారాల తరబడి సాగిన ఆ వాదోపవాదాలకు 'టీసీఎల్ యుద్ధం' అని పేరు పడిపోయింది.

యుద్ధంలోంచి స్టాల్‌మన్ స్థాపించిన గ్నూ ప్రాజెక్టు తన సొంత జవాబు తెచ్చింది. పేరు గైల్. లిస్ప్ కుటుంబానికి చెందిన స్కీమ్ భాషను లైబ్రరీగా మలచి, గ్నూ అప్లికేషన్లన్నింటికీ ఒకే పొదిగే భాషగా చేయాలన్నది సంకల్పం. స్కీమ్ కుండలీకరణాలంటే పడనివాళ్లు వేరే భాషలో రాసుకోవచ్చు, లోపల అది స్కీమ్‌లోకి మారిపోతుంది అన్నారు. కాగితం మీద ఇంతకన్నా అందమైన పథకం ఉండదు. జరిగింది వేరు. గ్నూ సొంత బొమ్మల ఎడిటర్ గింప్, సయాడ్ అనే మరో బుల్లి స్కీమ్‌ను తెచ్చుకుంది. గ్నూ సొంత డీబగ్గర్ జీడీబీలోకి 2009లో పైథాన్ వచ్చి కూర్చుంది, గైల్‌కు 2014 దాకా చోటు దొరకలేదు. ఈమాక్స్ ఇప్పటికీ తన పాత లిస్ప్‌ను వదల్లేదు. సంగీతం అచ్చువేసే లిలీపాండ్, లెక్కలు చూసే గ్నూక్యాష్, 2012లో మొదలైన ప్యాకేజీ మేనేజర్ గ్విక్స్ మాత్రం గైల్‌ను నిలబెట్టాయి.

ఓడిపోతుందనుకున్న టీసీఎల్ పోలేదు. తాను పుట్టిన చిప్ డిజైన్ రంగంలోనే వేళ్లూనుకుంది. సినాప్సిస్, కేడెన్స్ లాంటి కంపెనీల పనిముట్లు చాలావరకు టీసీఎల్ స్క్రిప్టుల మీదే నడుస్తాయి. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసే తెలుగు ఇంజినీరుకు స్టాల్‌మన్ లేఖ సంగతి తెలియకపోవచ్చు గానీ, టికిల్ స్క్రిప్టు రాయకుండా ఆమెకు రోజు గడవదు.

ఈ కొట్లాటకు వేల మైళ్ల దూరంలో, బ్రెజిల్‌లో, అసలు కథ నడుస్తోంది.

రియో డి జనీరో పొంటిఫికల్ కేథలిక్ విశ్వవిద్యాలయంలో టెక్‌గ్రాఫ్ అనే ప్రయోగశాల 1987లో మొదలైంది. దానికి ప్రధాన ఖాతాదారు ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోబ్రాస్. 1977 నుంచి 1992 వరకు బ్రెజిల్ ప్రభుత్వం విదేశీ కంప్యూటర్లకూ సాఫ్ట్‌వేర్‌కూ గట్టి అడ్డుగోడలు కట్టింది. బయటి నుంచి సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవాలంటే అలాంటిది దేశంలో ఎవరూ చేయలేరని కాగితాల మీద నిరూపించాలి. లైసెన్సుల రాజ్యాన్ని చూసిన మన పెద్దలకు ఈ తతంగం వేరే చెప్పక్కర్లేదు. దాంతో టెక్‌గ్రాఫ్ వాళ్లకు ఏది కావాలన్నా స్వయంగా చేసుకోవడం అలవాటైపోయింది.

పెట్రోబ్రాస్ ఇంజినీర్లు రోజూ సిమ్యులేటర్లకు డేటా ఫైళ్లు తయారుచేయాలి. ఆ సిమ్యులేటర్లు పాతకాలపువి. వాటికి కావలసింది నిలువు వరసల్లో ఒట్టి అంకెలు. ఏ అంకె దేనికి సంబంధించిందో పేరుండదు, ఏ వరసలో ఉందన్నదే గుర్తు. ఒక్క అంకె పక్కకు జరిగితే లెక్క తలకిందులు. ఈ బాధ తప్పించడానికి డెల్ అనే చిన్న భాష పుట్టింది. భూగర్భ శిలల పొరల నివేదికలను తీర్చిదిద్దే ఇంకో ప్రోగ్రాం కోసం సోల్ అనే మరో చిన్న భాష వచ్చింది. రెండూ మొదట ఒట్టి వివరాలు నింపే పట్టికలే. కొన్నాళ్లకు వాడుకరులు 'ఫలానా అయితే ఇలా, లేకపోతే అలా' అని రాసుకునే వీలు అడిగారు. తర్వాత లూపులు అడిగారు. ఆ తర్వాత ఫంక్షన్లు.

1993లో రొబెర్తో యెరుజలింస్కి, లూయీస్ ఎన్‌రీకె డి ఫిగెయిరెదో, వాల్దెమార్ సెలెస్ ముగ్గురూ కూర్చుని రెండింటినీ కలిపి ఒకే భాష చేద్దామనుకున్నారు. తమ ముందున్నవి ఏమిటో కూడా చూశారు. టీసీఎల్ వాక్యనిర్మాణం వాళ్లకు వింతగా తోచింది, పైగా అది అప్పట్లో యూనిక్స్ మీదే నడిచేది. లిస్ప్, స్కీమ్‌ల కుండలీకరణాలు చమురు ఇంజినీర్లకు మింగుడుపడవు. పైథాన్ ఇంకా పసిది. సొంతంగా రాసుకోవడమే మేలనుకున్నారు. పోర్చుగీసులో సోల్ అంటే సూర్యుడు కాబట్టి కొత్తదానికి చంద్రుడి పేరు పెట్టమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. అలా లువా అయింది.

లువా గొప్పదనం అందులో ఉన్నవాటికన్నా లేనివాటిలో ఉంది. ఏ కంప్యూటర్ మీదైనా కంపైల్ అయ్యే శుద్ధమైన సీలో రాశారు. ఇప్పటికీ ఇంటర్‌ప్రెటర్ కొన్ని వందల కేబీలే. దానంతట అది ఫైలు తెరవదు, నెట్‌లోకి పోదు. ఆశ్రయమిచ్చిన అప్లికేషన్ ఏ ఫంక్షన్లు చేతిలో పెడితే వాటితోనే సర్దుకుంటుంది. అర్రేలో మొదటి గడి సంఖ్య సున్నా కాకుండా ఒకటి కావడం ప్రోగ్రామర్లను ఇవాళ్టికీ చిరాకుపెడుతుంది. దాని తొలి వాడుకరులు చమురు ఇంజినీర్లని గుర్తుంచుకుంటే ఆ చిరాకు కాస్త తగ్గుతుంది.

లైసెన్సు దగ్గర మాత్రం తొలి అడుగు తడబడింది. 1994 జులైలో వచ్చిన 1.1 వెర్షన్ చదువుకునేవాళ్లకు ఉచితం, వ్యాపారానికి వాడితే బేరమాడుకోవాలి. టీసీఎల్, పెర్ల్ ఊరికే దొరుకుతుంటే బేరమాడేందుకు ఎవరొస్తారు? 1995 ఫిబ్రవరిలో 2.1తో ఆ షరతు ఎత్తేశారు. 1996 డిసెంబరులో డాక్టర్ డాబ్స్ జర్నల్ అనే అమెరికన్ పత్రికలో లువా మీద వ్యాసం వచ్చింది. లూకాస్‌ఆర్ట్స్ కంపెనీ 1998లో విడుదల చేసిన 'గ్రిమ్ ఫండాంగో' ఆటలో లువా కనిపించేసరికి ఆటల పరిశ్రమ అంతా దాని వెంట పడింది. 2003లో 5.0 నుంచి ఎంఐటీ లైసెన్సు వచ్చాక ఓపెన్ సోర్స్ వాళ్లకు అభ్యంతరాలేవీ మిగల్లేదు. నెట్‌వర్కులను జల్లెడ పట్టే ఎన్‌మ్యాప్, 2012లో 2.6 వెర్షన్‌తో డేటాబేస్ రెడిస్ దాన్ని తమలో పొదుగుకున్నాయి.

చిన్న భాషే ఎందుకు, అందరికీ తెలిసిన పైథాన్ పెట్టేస్తే పోలేదా అన్న ప్రశ్న సహజం. చాలామంది పెట్టారు. త్రీడీ బొమ్మల బ్లెండర్ బతుకంతా పైథాన్ మీదే. ఆ ఎంపిక దానికి అన్ని విధాలా కలిసొచ్చింది. పైథాన్ వెంట వేలాది లైబ్రరీలు వస్తాయి. అద్దెకొచ్చినవాడు ఇంటివాడికన్నా పెద్ద సంసారంతో దిగినట్టు, దాని వెంట దాని కష్టాలూ వస్తాయి. గింప్‌కు ఆ సంగతి అనుభవంలోకొచ్చింది. దాని పైథాన్ ప్లగిన్లు పైథాన్ 2కు కట్టుబడి ఉండగా, 2020 జనవరి 1న పైథాన్ 2కు మద్దతు ముగిసింది. ఉబుంటు తన తర్వాతి విడుదలలో గింప్ పైథాన్ ప్యాకేజీని తీసేసింది. ఏళ్లుగా వాడుతున్న ప్లగిన్లు ఒక్క అప్‌గ్రేడ్‌తో మాయమయ్యాయి. పైథాన్ 3తో కూడిన గింప్ 3.0 స్థిరవిడుదల 2025 మార్చికి గానీ రాలేదు.

విమ్ ఎడిటర్‌ది ఇంకో దారి. బ్రామ్ మూలెనార్ తన ఎడిటర్ కమాండ్లనే సాగదీసి విమ్ స్క్రిప్టు చేశారు. పెర్ల్, పైథాన్, టీసీఎల్, లువాలకు తలుపులూ తెరిచారు. తలుపులు ఎక్కువైతే వచ్చే చిక్కు ఏమిటంటే, అందరి ఇళ్లలోనూ అన్ని తలుపులూ ఉండవు. ప్లగిన్ రాసేవాళ్లు ఎక్కడైనా నడుస్తుందన్న భరోసాతో చివరికి విమ్ స్క్రిప్టులోనే రాశారు. 2014లో విమ్ నుంచి చీలిన నియోవిమ్ ఒకే తలుపు చాలనుకుని లువాను లోపలికి తీసుకుంది. 2021లో వచ్చిన 0.5 నుంచి సెట్టింగులు సైతం లువాలోనే రాసుకోవచ్చు. మూలెనార్ ఒప్పుకోలేదు. 2022లో విమ్ 9తో తన స్క్రిప్టునే వేగంగా, శుభ్రంగా తిరగరాశారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. రెండు దారులకూ ఈరోజు అభిమానులున్నారు.

మళ్లీ మొదటి కథకు వస్తే, వికీపీడియా మూసల్లో ఒకే రకం పెట్టెను, ఒకే రకం మూలాల వరసను వేల పేజీల్లో మళ్లీ మళ్లీ రాయకుండా ఒకచోట రాసి అన్నిచోట్లా పిలుచుకోవచ్చు. మొదట అందులో 'ఒకవేళ' అనే వీలు కూడా లేదు. రచయితలు ఉన్న సౌకర్యాలనే మెలితిప్పి 'ఒకవేళ' మూస కట్టేశారు. సర్వర్ల మీద భారం పెరిగింది. ఎలాగూ ఆగరని తెలిసి 2006లో వికీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో ఒకరైన టిమ్ స్టార్లింగ్ పార్సర్ ఫంక్షన్లు రాసిచ్చారు: షరతులు, కూడికలు, తీసివేతలు. ఆకలి తీరలేదు, ఇంకా పెరిగింది. కిలోమీటర్లను మైళ్లలోకి మార్చే 'కన్వర్ట్' మూస ఒక్కటే వేలాది ఉపమూసలుగా విస్తరించింది. వందల మూలాలున్న పెద్ద వ్యాసంలో ఒక్క కామా దిద్ది భద్రపరిస్తే పేజీ తిరిగి తయారయ్యేందుకు చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చేది. అక్షరాల ఫంక్షన్లు ఇవ్వబోమని బిగిసి కూర్చున్నవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. అవి కూడా ఇస్తే ఆ మూసల భాష శాశ్వతంగా తిష్ఠ వేస్తుంది. కానీ ఇవ్వకపోయినా అది తిష్ఠ వేసేసింది, ఇంకా వికారంగా. టెకో కథ పునరావృతమైంది.

చివరికి సిసలైన భాష పెడదామన్న నిర్ణయానికి వచ్చారు. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన మీడియావికీని రాసిన పీహెచ్‌పీలోనే సొంతంగా ఒక చిన్న భాష కట్టే ప్రయత్నం జరిగింది. అది నెమ్మది. మిగిలిన పోటీ జావాస్క్రిప్ట్, లువాల మధ్య. జావాస్క్రిప్ట్ వైపు జనబలం ఉంది, వికీలో గ్యాడ్జెట్లు రాసేవాళ్లందరికీ అది వచ్చు. లువా వికీ జనానికి కొత్త. కానీ ఇక్కడ స్క్రిప్టు రాసేది ఎవరైనా కావచ్చు, మొహం తెలియని ఆకతాయి కూడా. అతని కోడ్ సర్వర్లో నడవాలి, సర్వర్ పడిపోకూడదు. ఒక్కో స్క్రిప్టు ఎంత మెమరీ తింటోందో, ఎంతసేపు నడుస్తోందో కొలిచి నిర్దాక్షిణ్యంగా ఆపేయడం లువాలో తేలిక. 2012 ఆరంభంలో లువా వైపే మొగ్గారు. విక్టర్ వాసిలియెవ్, టిమ్ స్టార్లింగ్ రాసిన స్క్రిబుంటో పొడిగింపు 2013 ఫిబ్రవరిలో ఇంగ్లిష్ వికీపీడియాలో, మార్చిలో మిగతా వికీలన్నింటిలో మొదలైంది. ఒక పేజీలోని లువా అంతా కలిపి 10 సెకన్లు, 50 ఎంబీ దాటకూడదని అప్పట్లో పరిమితి పెట్టారు. వేలాది కన్వర్ట్ ఉపమూసల స్థానంలో ఒకే మాడ్యూల్ వచ్చింది.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియాకూ ఆ మార్చిలోనే ఇది అందింది. ఈరోజు తెలుగు వ్యాసంలో కుడి పక్కన కనిపించే సమాచారపెట్టె వెనుక, అడుగున మూలాల వరస వెనుక 'మాడ్యూల్' పేరుబరిలోని లువా కోడ్ నడుస్తుంటుంది. అయితే రియోలో పుట్టిన ఆ భాషకు అక్షరమంటే బైటే. 'తెలుగు' అనే మాటను లువా సొంత ఫంక్షన్‌కు ఇచ్చి పొడవెంత అని అడిగితే 18 అంటుంది, యూనికోడ్‌ను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకూ మూడు బైట్లు కాబట్టి. అందుకే స్క్రిబుంటోలో యూస్ట్రింగ్ అనే వేరే లైబ్రరీ పెట్టారు. దాన్ని అడిగితే 6 అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. బడికెళ్లే పిల్లవాడిని అడిగితే 3 అంటాడు. మొదటి మూడక్షరాలు ఇమ్మంటే యూస్ట్రింగ్ చేతిలో పెట్టేది 'తెల'. ఇంగ్లిష్ వికీ నుంచి మాడ్యూల్‌ను యథాతథంగా తెచ్చి అతికించినప్పుడు, పదాలను కత్తిరించే చోటల్లా ఇదే తేడా చేస్తుంది. ఎక్కడ గుణింతం తెగిందో వెతుక్కుంటూ కోడ్‌లోకి దిగక తప్పదు.

బైట్లను కాక గుర్తులను లెక్కపెట్టే యూటీఎఫ్-8 లైబ్రరీని లువాకర్తలు 2015లో 5.3 వెర్షన్‌లో చేర్చారు. వికీపీడియాలో ఉన్నది 5.1. రెడిస్‌లోనూ అదే. నియోవిమ్ వాడే లువాజిట్ అనే లువా రూపం కూడా 5.1నే అనుసరిస్తుంది. ఒక వెర్షన్‌లో రాసింది తర్వాతిదానిలో యథాతథంగా నడుస్తుందని లువాకర్తలు ఎన్నడూ మాటివ్వలేదు. పొదుగుకున్న అప్లికేషన్లకేమో తమ వాడుకరులు రాసిన స్క్రిప్టులు చెడిపోకూడదు. అందుకే 2006 నాటి వెర్షన్ దగ్గరే చాలామంది ఆగిపోయారు.

వికీమీడియా సంస్థ 2023లో వికీఫంక్షన్స్ అనే కొత్త ప్రాజెక్టు తెరిచింది. ఎవరైనా ఒక ఫంక్షన్ రాసిపెడితే ఏ భాషా వికీ అయినా వాడుకునేందుకు ఉద్దేశించినది. ఇక్కడ స్క్రిప్టు మీడియావికీ కడుపులో నడవదు. విడిగా ఉండే సేవలో నడిచి ఫలితం మాత్రం తిరిగొస్తుంది. బుల్లి భాషతో పని లేకపోయింది. అందులో రాయడానికి ఎంచుకున్న భాషలు రెండు: పైథాన్, జావాస్క్రిప్ట్.